హెవీ కస్టమ్ బండికి హైడ్రాలిక్స్: లేపడం సరే, రోడ్డు మీద మెత్తగా నడిచేలా సెట్ చేసుకోవడం ఎలా

హైడ్రాలిక్స్ (ఆయిల్ ప్రెషర్‌తో బండిని లేపే, దించే పంపు, సిలిండర్ల సెట్) వేసిన బరువు బళ్ళ గురించి ఎక్కువగా వినపడే కంప్లైంట్ ఒకటే, స్విచ్ నొక్కితే సూపర్‌గా లేస్తది కానీ రోడ్డెక్కితే నడుం విరిగిపోతది అని. దానికి చాలామంది చేసే వైద్యం ఇంకో పంపు పెట్టడం, ఇంకో రెండు బ్యాటరీలు తగిలించడం, లేకపోతే ఇంకా లావు సిలిండర్లు వేయడం. వీటిలో దేనితోనూ రైడ్ మెత్తబడదు. పంపు పని బండిని ఒక ఎత్తుకి చేర్చడం వరకే, అక్కడికి చేరాక చెక్ వాల్వ్ (ఆయిల్‌ని ఒకవైపే పోనిచ్చే వాల్వ్) మూసుకుంటది, ఆ తర్వాత గుంత వచ్చినా గతుకొచ్చినా పంపుకి సంబంధమే లేదు. అప్పుడు బండిని మోసేది సిలిండర్లో చిక్కుకున్న ఆయిల్, ఆ ఆయిలేమో కుంచించుకోదు, 50 బార్ ప్రెషర్ దగ్గర కూడా అర శాతం తగ్గదు. అంటే మూసేసిన సిలిండర్ అంటే ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య ఇనప కడ్డీ వెల్డ్ చేసినట్టే.

స్ప్రింగ్ లాగా పనిచేసేది ఆయిల్ కాదు, గ్యాస్. ఆయిల్ లైన్‌కి నైట్రోజన్ నింపిన అక్యుములేటర్ తగిలిస్తే చక్రం పైకి వచ్చినప్పుడు ఆయిల్ అందులోకి పోయి గ్యాస్‌ని నొక్కుద్ది, గ్యాస్ తిరిగి నెడతది, సస్పెన్షన్ అంటే అదే. సిట్రోయెన్ వాళ్ళు 1954లో ట్రాక్షన్ అవాంట్ కారు వెనక చక్రాలకి, 1955లో డీఎస్ కారు నాలుగు చక్రాలకీ పెట్టిన గుండ్రటి గోళాలు ఈ పని చేసేవే. మనం చేయబోయేది అదే లెక్క, కాకపోతే బరువు ఎక్కువ కాబట్టి తప్పు చేస్తే దెబ్బ కూడా ఎక్కువ.

ముందు తూకం

తూకం లేకుండా ఏ పార్టూ కొనకండి. బండిని కాటా మీద పెట్టి ముందు యాక్సిల్ ఎంత, వెనక యాక్సిల్ ఎంత విడివిడిగా రాసుకోండి, కుదిరితే ఒక్కో చక్రం కింద విడిగా. బ్యాటరీలు, పంపులు, ట్యాంకు అన్నీ వాటి చోట్లో ఉన్నాకే తూచాలి, ఎందుకంటే పెద్ద లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కోటి 25 నుంచి 30 కేజీలు ఉంటది, వెనక నాలుగు పెడితే ఒక మనిషి కంటే ఎక్కువ బరువు పర్మనెంటుగా కూర్చున్నట్టు. ఖాళీగా ఒకసారి, ఫుల్ లోడ్‌తో ఒకసారి తూచండి, రెండు అంకెలూ కావాలి.

ఇందులోంచి సస్పెన్షన్ మోయని బరువు తీసేయాలి, అంటే యాక్సిల్, చక్రాలు, టైర్లు, బ్రేకులు. నేను కింద అంతా ఒకటే ఉదాహరణతో పోతా: వెనక యాక్సిల్ కాటా మీద 2,600 కేజీలు వచ్చింది, యాక్సిల్ చక్రాలు కలిపి 600 పోతే మిగిలింది 2,000, ఒక్కో వైపు 1,000 కేజీలు. లోడ్ వేస్తే ఒక్కో వైపు 1,600 అవుద్ది అనుకుందాం.

సిలిండర్ సైజు

ఇక్కడ చూడాల్సింది ఆయిల్ ఎంత ఏరియా మీద బరువు మోస్తోంది అని. సింగిల్ యాక్టింగ్ సిలిండర్లో, అంటే పిస్టన్‌ని ఒక వైపు నుంచే ఆయిల్ నెట్టే రకంలో, ఆయిల్ కింద ఉండి పైన గాలి ఉంటే బోర్ (సిలిండర్ లోపలి గుండ్రం) ఏరియా లెక్క. పిస్టన్‌కి రెండు వైపులా ఆయిల్ ఉండి రెండూ కలిసి ఉంటే లెక్కకి వచ్చేది రాడ్ ఏరియా మాత్రమే, ఇది చాలామంది మర్చిపోయి ప్రెషర్ ఊహించినదానికి డబుల్ వచ్చిందేంటి అని బుర్ర గోక్కుంటారు.

మన ఉదాహరణలో పనిచేసే వ్యాసం 50 మిల్లీమీటర్లు, ఏరియా 19.6 చదరపు సెంటీమీటర్లు. సిలిండర్ నేరుగా యాక్సిల్ మీద నిలబడింది కాబట్టి 1,000 కేజీలకి ప్రెషర్ సుమారు 50 బార్, లోడ్ మీద 80 బార్. నిలబడి ఉన్నప్పుడు ఈ రేంజ్‌లో ఉంటే హాయి, గతుకుల్లో ఇది రెండు మూడు రెట్లు పెరిగినా హోస్‌లు, ఫిట్టింగులు తట్టుకునే లోపలే ఉంటది. సిలిండర్ యాక్సిల్ మీద కాకుండా ఆర్మ్ మధ్యలో ఉంటే, ఉదాహరణకి చక్రం 10 సెంటీలు కదిలితే సిలిండర్ 6 సెంటీలే కదిలితే, ప్రెషర్ 50ని 0.6తో భాగించాలి, 83 బార్ వస్తది, కావాల్సిన గ్యాస్ మాత్రం 0.6 వంతు సరిపోద్ది.

రెండు చివర్లా బాల్ జాయింట్ లాంటి స్ఫెరికల్ బేరింగ్ పెట్టండి. చక్రం పైకి కిందకి పోతున్నప్పుడు యాక్సిల్ కొంచెం వంపు తిరుగుద్ది, సిలిండర్ని గట్టిగా బిగించేస్తే ఆ వంపు అంతా రాడ్ మీద పడి సీల్ ఒక పక్కే అరిగి, ఆయిల్ కారడం కంటే ముందు రైడ్ పాడవుద్ది. ఎందుకో కింద గేజ్ దగ్గర చెప్తా.

గ్యాస్ ఎంత కావాలి

మొత్తం పనిలో గుండెకాయ ఇదే, కాబట్టి కొంచెం లెక్క ఓర్చుకోండి.

బండి బాడీ స్ప్రింగ్ మీద సెకనుకి ఎన్నిసార్లు ఊగుతది అన్నది రైడ్‌కి మొదటి కొలత. మామూలు కార్లు 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటాయి, గట్టి కమాను కట్టల మీద ఉన్న లారీలు 2 దాటి పోతాయి. మనిషి శరీరానికి పైకి కిందకి వచ్చే అదురు 4 నుంచి 8 హెర్ట్జ్ దగ్గర ఎక్కువ బాధ పెడతది, అందుకని బాడీ ఊపు దానికి ఎంత కింద ఉంటే అంత మంచిది, అలా అని అర హెర్ట్జ్ దాకా దించేస్తే లోపల కూర్చున్నవాళ్ళకి వాంతులొస్తాయి. బరువు బండికి వెనక 1.2 దగ్గర టార్గెట్ పెట్టుకుని ముందు ఒక 10 నుంచి 15 శాతం తక్కువ పెట్టుకోండి. గతుకు ముందు చక్రానికి ఫస్ట్ తగుల్తది కదా, వెనక కొంచెం వేగంగా ఊగితే దాన్ని అందుకుంటది, బండి తల ఆడించకుండా ఫ్లాట్‌గా సర్దుకుంటది.

ఇప్పుడు అసలు కిటుకు. గ్యాస్ స్ప్రింగ్‌లో ఈ ఊపు బరువు మీద నేరుగా ఆధారపడదు, బండి నిలబడి ఉన్నప్పుడు గ్యాస్ వాల్యూమ్‌ని సిలిండర్ ఏరియాతో భాగిస్తే వచ్చే పొడుగు మీద ఆధారపడతది. ఆ పొడుగు 32 సెంటీలు ఉంటే 1 హెర్ట్జ్, 22 ఉంటే 1.2, 14 ఉంటే 1.5, 8 సెంటీలకి పడిపోతే 2 హెర్ట్జ్. ఈ నాలుగు అంకెలు గోడ మీద రాసి పెట్టుకోండి చాలు.

మన 19.6 చదరపు సెంటీల సిలిండర్‌కి 1.2 హెర్ట్జ్ కావాలంటే 19.6 ఇంటూ 22, సుమారు 430 సీసీ గ్యాస్ ఉండాలి, అది కూడా బండి బరువు మీద నొక్కుకున్నాక. నొక్కుకోక ముందు ఎంత ఉండాలి అంటే ప్రీఛార్జ్, అంటే ఆయిల్ రాక ముందు నింపిన గ్యాస్ ప్రెషర్, చూడాలి. ప్రీఛార్జ్ ఖాళీ బండి ప్రెషర్‌లో 60 శాతం దగ్గర పెడితే, అంటే 30 బార్, 0.75 లీటర్ అక్యుములేటర్ 50 బార్ దగ్గరకి వచ్చేసరికి 455 సీసీ అవుద్ది. సరిగ్గా సరిపోయింది. ఈ లెక్కలో ప్రెషర్లకి ఒక్కో బార్ కలపడం మర్చిపోకండి, గేజ్ చూపేది బయట గాలి ప్రెషర్ తీసేసిన అంకె, గ్యాస్‌కి కావాల్సింది మొత్తం. 750 ఇంటూ 31 బై 51, అంతే.

ప్రీఛార్జ్ మరీ ఎక్కువ పెడితే, బండి ఖాళీగా ఉన్నప్పుడు గుంతలో చక్రం కిందకి దిగగానే ప్రెషర్ ప్రీఛార్జ్ కంటే తగ్గి బ్లాడర్ (లోపల గ్యాస్‌ని ఆయిల్ నుంచి విడదీసే రబ్బరు సంచి) అడుక్కి టప్పున తగుల్తది, ఆ సౌండ్ బాడీలోకి వస్తది, రబ్బరు కూడా త్వరగా పోతది. మన సెట్టింగ్‌లో చక్రం 8 సెంటీలు దిగితే ప్రెషర్ 33 బార్ దగ్గర ఆగుద్ది, 30 కంటే పైనే కాబట్టి ఓకే.

ఇప్పుడు లోడ్ వేసి చూడండి, ఇక్కడే చాలా బళ్ళు ఫెయిల్ అవుతాయి. 1,600 కేజీలకి 80 బార్, గ్యాస్ 287 సీసీకి నలిగిపోద్ది, ఊపు 1.5 హెర్ట్జ్ అయింది, ఫర్లేదు అనిపిస్తది. కానీ అదే లోడ్‌లో ఒక పెద్ద గతుకుకి చక్రం 8 సెంటీలు పైకి వస్తే 157 సీసీ ఆయిల్ లోపలికి పోతది, గ్యాస్‌కి మిగిలేది 130 సీసీ, ప్రెషర్ దాదాపు 225 బార్! ప్రీఛార్జ్‌కి ఏడు రెట్లు. బ్లాడర్ టైప్ అక్యుములేటర్లకి మామూలుగా 4 రెట్లు లిమిట్, డయాఫ్రమ్ (సంచి బదులు రబ్బరు పొర) టైప్‌లో మోడల్‌ని బట్టి ఇంకా ఎక్కువ తట్టుకునేవి ఉన్నాయి కానీ ప్లేట్ మీద చూసుకోవాలి.

దీనికి మందు రెండో అక్యుములేటర్, ఎక్కువ ప్రీఛార్జ్‌తో, అదే లైన్‌కి. 0.32 లీటర్ల చిన్నది 60 బార్‌తో పెట్టి చూడండి. బండి ఖాళీగా నిలబడ్డప్పుడు 50 బారే కాబట్టి అది నోరు మూసుకుని ఉంటది, లోడ్ పడ్డాక తెరుచుకుంటది. 80 బార్ దగ్గర రెండూ కలిపి 528 సీసీ, ఊపు 1.1 హెర్ట్జ్, అదే 8 సెంటీల గతుకుకి ప్రెషర్ 130 బార్ లోపే. అంటే ఖాళీగా, లోడ్‌తో దాదాపు ఒకే రైడ్. ఇదే 0.75 లీటర్లది ఇంకోటి పెట్టారనుకోండి, లోడ్‌లో 0.9 హెర్ట్జ్ కిందకి పోయి పడవలా ఊగుద్ది. ఎక్కువైతే మంచిదే కదా అనే రూల్ గ్యాస్‌కి పనికిరాదు.

టైప్ విషయానికి వస్తే రైడ్ కోసం డయాఫ్రమ్ లేదా బ్లాడర్ తీసుకోండి. పిస్టన్ టైప్ గట్టిదే, కానీ లోపల దానికీ ఒక సీల్ ఉంటది, ఆ సీల్ రాపిడి వల్ల చిన్న చిన్న అదుర్లకి అది కదలదు.

కాయిల్ స్ప్రింగ్ మీద సిలిండర్ పెట్టుకున్నవాళ్ళకి ఒక మాట. మీ బండిలో స్ప్రింగ్ ఆల్రెడీ ఉంది కాబట్టి అక్యుములేటర్ కలిపితే రెండూ ఒకదాని మీద ఒకటి సిరీస్‌లో పనిచేస్తాయి. మన ఉదాహరణ గ్యాస్ స్ప్రింగ్ మిల్లీమీటర్‌కి 56 న్యూటన్లు, దాని కింద 100 న్యూటన్ల కాయిల్ ఉంటే మొత్తం 36కి పడిపోద్ది. కాబట్టి అక్యుములేటర్ చిన్నది చాలు. ఇంకోటి, ఆయిల్ లైన్లో ఎంత మంచి వాల్వ్ పెట్టినా అది గ్యాస్ ఊపుని మాత్రమే ఆపుద్ది, కాయిల్ ఊపుని ఆపేవాడు లేడు, కాబట్టి కాయిల్ ఉన్న బండికి షాకబ్జర్ తప్పనిసరి.

పైపు లావు, డాంపింగ్

మంచి అక్యుములేటర్ కొని దాన్ని డిక్కీలో పంపు పక్కన అందంగా బిగించి, అక్కడి నుంచి సిలిండర్ దాకా సన్నపైపు రెండు మీటర్లు లాగిన బళ్ళు బోలెడు. ఫోటోకి బాగుంటది. కానీ లెక్క చూడండి, పదునైన గతుకు మీద చక్రం సెకనుకి ఒక మీటర్ వేగంతో పైకి లేస్తే మన సిలిండర్ నుంచి సెకనుకి దాదాపు 2 లీటర్ల ఆయిల్ బయటకి పోవాలి, నిమిషానికి 118 లీటర్లు. పావు ఇంచు బోర్‌లో అది సెకనుకి 62 మీటర్ల వేగంతో దూరాలి, అది అయ్యే పని కాదు, ఆయిల్ ఇరుక్కుని సిలిండర్ మళ్ళీ ఇనప కడ్డీ అయిపోద్ది. అర ఇంచుకి 15 మీటర్లు, ముప్పావు ఇంచుకి 7 మీటర్లు. కాబట్టి ముప్పావు ఇంచు లోపలి బోర్, వీలైతే అక్యుములేటర్‌ని సిలిండర్ నెత్తి మీదే కూర్చోబెట్టండి. పైపు ఎంత లావైనా సిలిండర్ పోర్ట్, ఎల్బో, బాల్ వాల్వ్ లోపలి రంధ్రం సన్నగా ఉంటే అంతా వేస్ట్, ఫిట్టింగ్ లోపల వేలు పెట్టి కాదు, వెర్నియర్ పెట్టి కొలవండి. పంపు నుంచి వచ్చే లైన్ మాత్రం సన్నగా ఉన్నా పర్లేదు, పైగా నిదానంగా లేస్తే హైట్ కరెక్టుగా సెట్ అవుద్ది.

డాంపింగ్‌కి, అంటే ఊపు త్వరగా ఆగేలా చేయడానికి, రెండు దారులు. యాక్సిల్ దగ్గర చోటు ఉంటే హెవీ బళ్ళ షాకబ్జర్లు విడిగా పెట్టేసి ఆయిల్ దారి మొత్తం ఫ్రీగా వదిలేయండి, నన్నడిగితే ఇదే బెస్ట్, షాకబ్జర్ లోపల వాల్వులు చేసే పని మనం బయట ఫిట్టింగులతో అంత నీట్‌గా చేయలేం. చోటు లేకపోతే సిలిండర్‌కీ అక్యుములేటర్‌కీ మధ్య వాల్వ్ పెట్టాలి. మన 1,000 కేజీల మూలకి (ఒక చక్రం వైపుకి) క్రిటికల్‌లో, అంటే బండి అసలు ఊగకుండా ఆగడానికి సరిపోయే డాంపింగ్‌లో, 30 శాతం డాంపింగ్ కావాలంటే, చక్రం సెకనుకి 0.3 మీటర్ కదిలేటప్పుడు, అంటే నిమిషానికి 35 లీటర్ల ఫ్లో దగ్గర, వాల్వ్ మీద సగటున 7 బార్ డ్రాప్ ఉండాలి. పైకి వచ్చేటప్పుడు 4 నుంచి 5, కిందకి దిగేటప్పుడు 9 నుంచి 10 లాగా పంచండి, దీనికి ఒకవైపు చెక్ ఉన్న ఫ్లో కంట్రోల్ వాల్వ్ వాడాలి. వాల్వ్ కొనేటప్పుడు దాని ఫ్లో చార్ట్ అడిగి 35 లీటర్ల గీత దగ్గర చూసుకుంటే సరిపోద్ది.

ఉత్త రంధ్రంతో సరిపెట్టొద్దు. రంధ్రంలో డ్రాప్ వేగానికి వర్గంలో పెరుగుద్ది, 0.3 మీటర్ దగ్గర నాలుగున్నర బార్ ఉన్నది 1 మీటర్ దగ్గర 50 బార్ అవుద్ది, అది మన సిలిండర్ మీద ఇంకో 1,000 కేజీలు కింద నుంచి తన్నినట్టు. మెల్లగా పోతుంటే బండి ఊగుతానే ఉంటది, స్పీడ్‌లో చిన్న గతుక్కే డబ్ అని కొడతది, రెండు జబ్బులూ ఒకే బండిలో కనపడితే కారణం ఇదే. కంప్రెషన్ వైపు పక్కన ఒక చిన్న స్ప్రింగ్ రిలీఫ్ పెట్టి 12 నుంచి 15 బార్ తేడా దాటగానే తెరుచుకునేలా చేస్తే ఆ తన్ను పోతది.

కుడి ఎడమ కలపొద్దు

వెనక రెండు సిలిండర్లకీ ఒకే పంపు నుంచి టీ కొట్టి లైన్ ఇచ్చి, ఒక్కో వైపు చెక్ వాల్వ్ పెట్టకపోతే, మలుపులో బయటి వైపు ఆయిల్ లోపలి వైపుకి పోతది, బండి ఎటు వాలితే అటే పడిపోద్ది, ఆ యాక్సిల్‌కి రోల్ ఆపే బలం సున్నా. ఎత్తున్న బరువు బండికి ఇది ప్రాణం మీదకి వచ్చే విషయం. ప్రతి మూలకీ దాని సొంత చెక్ వాల్వ్, సొంత డంప్ వాల్వ్ (ఆయిల్‌ని ట్యాంకుకి వదిలి బండిని దించేది), సొంత అక్యుములేటర్. వాల్వులు సీట్ మీద కూర్చునే పాపెట్ టైప్ కావాలి, స్పూల్ (లోపల కడ్డీ జారే) టైప్ అయితే రాత్రికి రాత్రి కారి పొద్దున్నకి ఒక మూల కూర్చుని ఉంటది. యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి వాలకుండా రెండు వైపులనీ కలిపే కడ్డీ) ఉంటే పీకేయకండి, గ్యాస్ మెత్తగా పెట్టుకునే స్వేచ్ఛ ఇచ్చేది అదే.

కలపడం మంచిది అయ్యే ఒకే చోటు వెనక జంట యాక్సిల్స్, అది కూడా ఒకే వైపు ముందు వెనక చక్రాలని. అప్పుడు రెండు యాక్సిల్స్ బరువు సమానంగా పంచుకుంటాయి, ఒకటి గతుకెక్కితే రెండోది దిగుద్ది.

ఆపేవి

సిలిండర్ లోపల పిస్టన్ అడుక్కి కొట్టడం ఎప్పటికీ జరగకూడదు. దానికంటే ఒక 15 మిల్లీమీటర్లు ముందే యాక్సిల్ రబ్బర్ బంప్ స్టాప్‌కి ఆనాలి, చక్రం మరీ కిందకి దిగకుండా కింద వైపు పట్టీ బిగించాలి. ఆయిల్ నింపక ముందే చక్రాన్ని జాకీతో పైదాకా, కిందదాకా కదిపి బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు, ప్రొపెల్లర్ షాఫ్ట్ యాంగిల్, టైర్‌కీ బాడీకీ మధ్య గ్యాప్ అన్నీ చూడండి. డ్రైవింగ్ హైట్ మొత్తం కదలికలో మధ్యలో లేదా కొంచెం కిందగా, పైకి కనీసం 8 సెంటీలు ఫ్రీగా ఉండేలా పెట్టండి. షోకి నేలకి ఆనించే హైట్ వేరు, నడిపే హైట్ వేరు, నేలకి ఆనించి నడిపితే గ్యాస్ ఎంత ఉన్నా బంప్ స్టాప్ మీదే కూర్చుంటారు.

నింపడం, గేజ్‌తో చదవడం

ముందు నైట్రోజన్, తర్వాత ఆయిల్. అక్యుములేటర్ ఆయిల్ వైపు ప్రెషర్ పూర్తిగా సున్నా ఉన్నప్పుడే ప్రీఛార్జ్ ఎక్కించాలి, కొలవాలి. నైట్రోజన్ తప్ప ఇంకేదీ వద్దు, కంప్రెసర్ గాలి కానీ ఆక్సిజన్ కానీ ఎక్కిస్తే ఆయిల్ ఆవిరితో కలిసి పేలుద్ది, ఇందులో నో డిస్కషన్. రెగ్యులేటర్ లేకుండా నేరుగా బాటిల్ నుంచి తెరవకండి, నిండు బాటిల్లో 150 బార్ పైనే ఉంటది. ఎక్కించాక గ్యాస్ చల్లబడే దాకా ఆగి మళ్ళీ చూసి సరిచేయండి.

ఆయిల్ 32 గ్రేడ్ హైడ్రాలిక్ ఆయిల్ చాలు, మరీ చలి ప్రాంతం అయితే 22. ఫిల్టర్ చేసి పోయండి. ప్రతి మూలా రెండు మూడు సార్లు నిదానంగా పైకి కిందకి ఆడించి గాలి తీసేయాలి, ట్యాంకులో నురగ కనపడితే గాలి ఇంకా ఉంది, ఆగి మళ్ళీ చేయండి.

ఇప్పుడు ప్రతి సిలిండర్ లైన్‌కీ ఒక గేజ్. ఇది షోకు కాదు, మీ బండికి ఫ్రీగా వచ్చిన కాటా, ఎందుకంటే ప్రెషర్ ఇంటూ ఏరియా అంటే ఆ మూల మోస్తున్న బరువు. టేపు పెట్టి నాలుగు మూలలూ సమానం చేసి చాలు అనుకుంటారు చాలామంది, కానీ ఎత్తు సమానంగా ఉండి వెనక ఎడమ 56 బార్, కుడి 44 చూపిస్తుంటే బండి కుంటుతోందని అర్థం. నాలుగు కాళ్ళ మీద గట్టి ఛాసిస్ ఉన్నప్పుడు ముందు ఎడమ కొంచెం లేపితే దానితో పాటు వెనక కుడి మీద కూడా బరువు పెరుగుద్ది, మిగతా రెండిటి మీద తగ్గుద్ది. కాబట్టి ఎదురెదురు మూలల జత చూసుకుంటూ, ఎత్తులో ఒక అర సెంటీ తేడా వచ్చినా పర్లేదు, ప్రెషర్లు దగ్గర చేయండి. ప్రతిసారీ బండిని నాలుగైదు సార్లు ఊపి, అది సర్దుకున్నాకే చదవండి.

గేజ్‌తో ఇంకో పరీక్ష ఉంది, నాకు బాగా ఇష్టమైనది. బండిని నిదానంగా పైకి లేపుతూ ఒక గుర్తు దగ్గర ఆపి ప్రెషర్ రాయండి. ఇంకొంచెం పైకి తీసుకెళ్ళి మళ్ళీ నిదానంగా దించుతూ అదే గుర్తు దగ్గర ఆపి రాయండి. లేపేటప్పుడు 54, దించేటప్పుడు 46 వచ్చిందనుకోండి, తేడాలో సగం 4 బార్ ఉత్త రాపిడి, సిలిండర్ సీళ్ళూ బుష్‌లూ కలిపి. 4 బార్ అంటే మన ఏరియాకి దాదాపు 80 కేజీలు, అంటే 80 కేజీల కంటే చిన్న దెబ్బ ఏదైనా సరే సస్పెన్షన్ అసలు కదలదు, టైర్ ఒక్కటే మోస్తది, అదే ఆ సన్నటి గరగర. మెత్తగా నడవాలంటే ఈ తేడా సగం 2 బార్ లోపు ఉండాలి. ఎక్కువ వస్తే సిలిండర్ వంకరగా కూర్చుందేమో, బుష్ పట్టేసిందేమో ముందు చూడండి, తర్వాత తక్కువ రాపిడి ఉండే టెఫ్లాన్ రకం సీళ్ళకి మారండి. లోడర్లకి వాడే మామూలు సిలిండర్లలో సీళ్ళు లీక్ ఆపడానికి గట్టిగా పట్టుకునేలా చేస్తారు, రోజంతా చిన్న చిన్నగా కదలడం వాటి ఉద్యోగం కాదు.

రోడ్ టెస్ట్

యూరప్ రూల్స్‌లో లారీ డ్రైవ్ యాక్సిల్ సస్పెన్షన్ ఎయిర్‌కి సమానం అనిపించుకోవాలంటే ఊపు 2 హెర్ట్జ్ దాటకూడదు, డాంపింగ్ క్రిటికల్‌లో 20 శాతం కంటే ఎక్కువ ఉండాలి, దాన్ని 80 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి యాక్సిల్‌ని దింపి కొలుస్తారు. మనం కూడా అదే చేయొచ్చు. 8 సెంటీల గట్టి దిమ్మెలు ర్యాంప్‌లా పెట్టి వెనక చక్రాలు నడక వేగంతో ఎక్కించి దింపండి, ఫోన్లో యాక్సిలరోమీటర్ యాప్ ఆన్ చేసి యాక్సిల్ పైన ఫ్లోర్ మీద టేపుతో అంటించండి. ఒక శిఖరం నుంచి దాని తర్వాత శిఖరానికి టైం చూస్తే ఊపు తెలుస్తది, 0.83 సెకను అంటే 1.2 హెర్ట్జ్. రెండో శిఖరం మొదటి దాంట్లో పావు కంటే కొంచెం ఎక్కువుంటే డాంపింగ్ 20 శాతం, ఏడో వంతు ఉంటే 30. అంకె సరిపోకపోతే ఒకేసారి అన్నీ మార్చకండి, ఊపు తప్పు అయితే గ్యాస్, ఆగడం తప్పు అయితే వాల్వ్, చిన్న గరగర అయితే రాపిడి లేదా టైర్ గాలి.

ఇంకో విచిత్రం చూస్తారు. చల్లగా ఉన్నప్పుడు సెట్ చేసిన హైట్ బండి నడిచాక పెరుగుద్ది. గ్యాస్ 20 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే వాల్యూమ్ 13 శాతం పైన పెరుగుద్ది, మన ఉదాహరణలో అది చక్రం దగ్గర 3 సెంటీలు. లీక్ కాదు, పంపు లోపం కాదు. ఫైనల్ హైట్ ఒక అరగంట నడిపాక సెట్ చేయండి.

ఇవి దాటొద్దు

బండి కింద దూరే ముందు ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి, సిలిండర్ల మీద నిలబడ్డ బండిని నమ్మకూడదు. లైన్ విప్పే ముందు గేజ్ సున్నా చూపించాలి, అక్యుములేటర్ ఉన్న లైన్ పంపు ఆపినా ప్రెషర్‌తోనే ఉంటది, దానికోసం ప్రతి మూలకీ చిన్న డ్రెయిన్ వాల్వ్ పెట్టుకోండి. లీక్ ఎక్కడుందో చేత్తో తడమొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి, సన్నటి ధార చర్మంలోకి దూరితే పైకి సూది గుచ్చినంతే కనపడుద్ది కానీ లోపల కండ కుళ్ళిపోద్ది, నొప్పి లేకపోయినా వెంటనే సర్జన్ దగ్గరకి పోవాలి. హోస్ మీద రాసిన వర్కింగ్ ప్రెషర్ మీరు లెక్క కట్టిన అత్యధిక ప్రెషర్ కంటే పైన ఉండాలి, మామూలు ప్రెషర్ కంటే కాదు. సిలిండర్ పోర్ట్ దగ్గరే హోస్ బరస్ట్ వాల్వ్ (ఆయిల్ ఒక్కసారిగా పోతే దానంతటదే మూసుకునేది) పెడితే పైపు చిరిగినా ఆ మూల ఒక్కసారిగా కూలదు, అయితే గతుకు మీద వచ్చే ఫ్లోకి అది పొరపాటున మూసుకోకుండా సైజు చూసుకోవాలి, అక్యుములేటర్ సిలిండర్ మీదే ఉంటే దాని తర్వాత, పంపు వైపు పెట్టండి. మోటార్ కాంటాక్టర్ (పంపు మోటార్‌కి కరెంటు ఇచ్చే పెద్ద రిలే) అతుక్కుపోతే స్విచ్ వదిలినా పంపు ఆగదు, చేతికి అందే చోట బ్యాటరీ డిస్‌కనెక్ట్ ఉండాలి. బ్యాటరీ పెట్టెకి గాలి ఆడాలి, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తది.

ప్రీఛార్జ్ మొదటి నెలలో వారానికోసారి చూడండి, నిలకడగా ఉంటే తర్వాత మూడు నెలలకోసారి. గ్యాస్ తగ్గుతుంటే బండి చెప్తది, హైట్ కోసం పంపు మామూలు కంటే ఎక్కువసార్లు తిప్పాల్సి వస్తది, లోడ్ వేస్తే ముందుకంటే ఎక్కువ కుంగుద్ది, రైడ్ గట్టిపడతది. ఒక్క మూలే అలా అయితే ఆ అక్యుములేటర్ గ్యాస్ వాల్వ్ మీద సబ్బు నీళ్ళు రాసి చూడండి. బుడగలు లేకుండా ప్రెషర్ తగ్గుతుంటే లోపల డయాఫ్రమ్ పోయినట్టే, ఆయిల్ ప్రెషర్ మొత్తం దింపేశాక గ్యాస్ వాల్వ్ పిన్ను కొంచెం నొక్కితే ఆయిల్ చుక్క బయటకొస్తది, అప్పుడు అక్యుములేటర్ మార్చడమే.